పట్టదమ్మకు తెలిసిన వాసన

నీళ్ళ శాఖ ఆఫీసులో ఆమెను ఎదురుగా ఉన్నప్పుడు మేడమ్ అనేవారు. గది దాటి వెళ్ళగానే పట్టదమ్మ అనేవారు. ఆ ముద్దుపేరు ఆమెకు తెలియదని అందరూ అనుకునేవారు. ఆమెకు తెలుసు. ఒకసారి ఫోనులో ఎవరో "పట్టదమ్మగారున్నారా" అని మర్యాదగా అడిగితే, "మాట్లాడుతున్నాను, చెప్పండి" అంది కూడా.

పేరు వెనక పెద్ద కథేమీ లేదు. ఊళ్ళో ఎవరైనా పెద్ద కట్టడం కట్టాలంటే ఆ ఫైలు ముందుగా ఆమె టేబుల్ మీదికి వస్తుంది. కొత్తగా వచ్చే జనానికి ఆ వీధి పైపుల్లో నీళ్ళు సరిపోతాయా, వాళ్ళు వాడి వదిలిన నీళ్ళను మురుగు పైపు మోయగలదా అని కొలిచి చెప్పడం ఆమె పని. కొలిచేది, లెక్క వేసేది, చివర్లో "పట్టదు" అని రాసేది. ఊళ్ళో సగం పైపులు తాతల కాలం నాటివి. బకెట్‌తో స్నానం చేసే రోజుల్లో వేసినవి. షవర్లూ వాషింగ్ మెషీన్లూ వస్తాయని పాపం వాటికి ఎవరూ చెప్పలేదు. "నాకు మీ మీద కోపమేం లేదండీ, పైపుకి చోటు లేదు" అని ఆమె మెల్లగా చెప్పేది. వచ్చినవాళ్ళు గింజుకునేవారు, బతిమాలేవారు, పైవాళ్ళ పేర్లు ఏకరువు పెట్టేవారు. ఆమె అన్నీ విని, మంచినీళ్ళ గ్లాసు అందించి, మళ్ళీ అదే మాట చెప్పేది. ముఖంలో చిన్న కదలిక కూడా ఉండేది కాదు.

అంత గట్టి మనిషి ఇంట్లో మాత్రం పిల్లి. ఆ ఇల్లు పిన్నిది. అమ్మానాన్నలిద్దరివీ ఊరూరా బదిలీ అయ్యే ఉద్యోగాలు కావడంతో చిన్నప్పుడే చదువు కోసం పిన్ని దగ్గర వదిలారు. చదువు అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, ఆమె మాత్రం ఆ పైగదిలోనే ఉండిపోయింది. కింద ముందువైపు ఇల్లు, వెనకవైపు లాండ్రీ. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రి పరదాలు, వీధిలో వాళ్ళ చొక్కాలు అన్నీ అక్కడికే వచ్చేవి. పిన్ని ఉతుకులో ఒక కిటుకు ఉంది. నీళ్ళలో నిమ్మగడ్డి నూనె చుక్కలు వేసేది. ఎన్ని చుక్కలో, ఎప్పుడు వేయాలో బాబాయికి కూడా చెప్పేది కాదు. ఆ వాసన ఆ ఇంట్లో పరదాలకి, తలగడలకి, పెంపుడు పిల్లికి కూడా పట్టేసింది.

చిన్నప్పుడు ఆమె లాండ్రీ వెనక మోరీ దగ్గర గొంతుక్కూర్చుని నురగ పోతుంటే చూసేది.

"పిన్నీ, ఈ నీళ్ళెక్కడికి పోతాయి?"

"బయటికి."

"బయటంటే ఎక్కడ?"

"బయటంటే బయటే. లేచి హోంవర్క్ చేసుకో."

ఆ జవాబు చాలక ఒకసారి నురగ వెంట నడుచుకుంటూ రెండు వీధులు దాటిపోయింది. పిన్ని వెతుక్కుంటూ వచ్చి చెవి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది. పెద్దయ్యాక అదే పని ఉద్యోగమైంది, జీతం కూడా ఇస్తున్నారు.

అలా ఉండగా ఒకరోజు బిల్డరు వచ్చాడు. ఎప్పుడూ తెల్లచొక్కా, ఎప్పుడూ నవ్వు. మూతపడిన పాత సినిమాహాలు కొన్నాడు. దాన్ని పడగొట్టి మూడొందల కుటుంబాలకు మేడ కట్టాలని ఆలోచన. అంతకుముందు అతను తెచ్చిన రెండు ఫైళ్ళకూ ఆమె ఆ మాటే రాసింది. అందుకని ఈసారి కాగితాలతో పాటు గాజుపెట్టెలో బొమ్మమేడ కూడా మోయించుకొచ్చాడు. స్పాంజి చెట్లు, అగ్గిపుల్లంత మనుషులు, ఒక కుక్క.

"మేడమ్, ముందే చెప్తున్నా. ఈసారి ఆ మాట మాత్రం అనొద్దు."

"ఏ మాట?"

"మీకు తెలుసు కదా, నాతో ఎందుకనిపిస్తారు."

ఆమె కళ్ళజోడు సవరించుకుని బొమ్మమేడను నాలుగువైపులా చూసింది. "బాగుందండీ. వీళ్ళందరూ పొద్దున్నే ఒకేసారి స్నానాలు చేస్తారు కదా. ఆ నీళ్ళు ఎటు పోతాయి?"

బిల్డరు వంగి గాజుపెట్టెను కాస్త ఎత్తి అడుగున చూశాడు. "ఇటు ప్లైవుడ్ ఉంది మేడమ్," అన్నాడు. తనే ముందుగా పకపకా నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది కానీ మంచినీళ్ళ గ్లాసు అడ్డం పెట్టుకుంది.

ముందు మంచినీళ్ళ సంగతి చూశారు. సినిమాహాలు పక్కనుంచే పెద్ద లైను పోతోంది. ప్రెషర్ ఎంతుందో తెలియాలంటే ఫైరింజన్ వాళ్ళు వాడే కుళాయి తెరిచి, నీళ్ళు దూకేటప్పుడు మీటరు చూడాలి. కాస్త దూరం జరగమని మేస్త్రీ చెప్తూనే ఉన్నాడు. బిల్డరు వినలేదు, తన స్థలం కదా అని ముందుకొచ్చి నిలబడ్డాడు. కుళాయి తిప్పగానే నీళ్ళు ఏనుగు తొండంతో కొట్టినట్టు వచ్చి సినిమాహాలు గోడను తాకి అతని మీద పడ్డాయి. తెల్లచొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"నీళ్ళున్నాయండీ," అన్నాడు మొహం తుడుచుకుంటూ. "నమ్మాను."

"నీళ్ళు సరిపోతాయి," అని ఆమె ఒప్పుకుంది. చుట్టూ ఉన్న పనివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె నోట సరిపోతాయన్న మాట వినడం వాళ్ళకు కొత్త.

ఇక మురుగు. ఈ పనిలో గుంతలోకి ఎవరూ దిగరు. మ్యాన్‌హోల్ మూత తీసి, పొడుగు కర్ర చివర మీటరు కట్టి లోపలికి దించి, మళ్ళీ మూత పెట్టేస్తారు. ఏ వేళకు ఎంత నీరు పోతోందో అదే గీత గీస్తుంది. ఒక వారం అయ్యాక ఆ గీత తెచ్చి కంప్యూటర్లో చూసింది. ఏ వీధి గీతైనా ఒకలాగే ఉంటుంది. పొద్దున జనం లేచినప్పుడు ఒక గుట్ట, సాయంత్రం ఇళ్ళు చేరాక ఇంకో గుట్ట, మధ్యలో మైదానం. ఈ గీతలో మూడో గుట్ట ఉంది. అది కూడా మధ్యాహ్నం, వీధంతా కునుకు తీసే వేళకి. పైగా మూడింటిలోనూ అదే పెద్దది. ఆ వేళకు పైపు దాదాపు నిండిపోతోంది. అదొక్కటీ లేకపోతే మేడ నీళ్ళకు అందులో కావలసినంత చోటుంది.

"మధ్యాహ్నం పూట ఎవరు స్నానం చేస్తున్నారు ఇంతలా?" అన్నాడు మేస్త్రీ.

"పోయి చూద్దాం," అంది ఆమె.

ఈ మేస్త్రీ ముక్కు గురించి ఒకమాట చెప్పాలి. అన్నేళ్ళు మురుగు పక్కన పనిచేసి తన ముక్కు చచ్చిపోయిందని అతను అందరికీ చెప్పుకునేవాడు. ఇంట్లో పాలు మాడినా తెలియదని భార్య తిడుతుందట. ఆ మధ్యాహ్నం మూత తీశారు. లోపల నీళ్ళు మెల్లగా పెరిగాయి, ఆ వెనకే తెల్లటి నురగ పొంగుకొచ్చింది. మేస్త్రీ ఒక్కసారి ఆగి, కళ్ళు మూసుకుని గాలి పీల్చాడు.

"అమ్మా, నా ముక్కు తిరిగొచ్చింది."

పనివాళ్ళు గుమిగూడారు. మామూలుగా మూత తీస్తే పరిగెత్తేవాళ్ళు, నువ్వు జరుగు నువ్వు జరుగు అంటూ ముందుకొచ్చారు. మేస్త్రీ మాత్రం గుంతవైపు ఒకసారి, ఆమెవైపు ఒకసారి మొహం తిప్పుతూ సందేహంగా నిలబడ్డాడు.

"ఏమనుకోకండమ్మా. ఈ వాసన గుంతలోంచి వస్తోందా, మీ దగ్గర్నించి వస్తోందా?"

ఆమె వంగి వాసన చూసింది. నిమ్మగడ్డి. తన చేతిరుమాలు, తన చున్నీ, తన బాల్యం మొత్తం ఆ గుంతలోంచి నురగలు కక్కుతోంది. ఆఫీసు మ్యాపు ప్రకారం పిన్ని వాళ్ళ సందు మురుగు వేరే లైన్లో కలవాలి. ఇటు రానే కూడదు. "మూత పెట్టెయ్యండి," అని మాత్రం అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర పిన్ని కొత్త మెషీన్ గురించి చెబుతూనే ఉంది. మూడు పాత మెషీన్ల పని ఒక్కటే చేస్తుందట. అందుకే దానికి ఏనుగు అని పేరు పెట్టింది.

"ఏనుగు నీళ్ళు ఎక్కువ తాగుతుందా పిన్నీ?" అంది మెల్లగా.

"దాని కడుపు నిండా తాగుతుంది. నువ్వేంటి, పళ్ళెంలో ముగ్గులు వేస్తున్నావ్? తిను."

"మరి ఆ నీళ్ళు ఎప్పుడు వదుల్తుంది?"

"మధ్యాహ్నం. దుప్పట్లన్నీ ఒకేసారి అవుతాయి. ఏం, ఏనుక్కి సంబంధం చూస్తున్నావా?"

బాబాయి నవ్వాడు. ఆమె నవ్వలేదు. పరాయివాళ్ళకు వంద సార్లు తడుముకోకుండా చెప్పిన మాట మజ్జిగతో పాటు మింగేసింది.

మర్నాడు నేరుగా పెద్ద ఇంజనీరు గదిలోకి వెళ్ళింది. "సార్, ఈ ఫైలు ఇంకెవరికైనా ఇవ్వండి."

"ఎందుకమ్మా?"

"మూడో గుట్ట మా పిన్నిది."

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలో వెనక్కి వాలి కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, నువ్వే వచ్చి చెప్పడం మంచిపనైందన్నాడు. కొలతలు పక్క డివిజన్ ఇంజనీరు మళ్ళీ సరిచూస్తాడనీ, రిపోర్టు మీద సంతకం కూడా అతనే పెడతాడనీ తేల్చాడు. "ముందు రంగు పోసి రుజువు చెయ్యండి. మీ పిన్నిగారికి చెప్పే పని మాత్రం నీదే."

"మీరు చెప్పొచ్చు కదా సార్."

"నేనా? నా చొక్కాలన్నీ అక్కడే ఇస్తానమ్మా."

మురుగు ఎటు పోతోందో తెలుసుకోడానికి నీళ్ళలో రంగు కలిపి, అవతల ఎక్కడ తేలుతుందో చూస్తారు. ఎవరికీ హాని చేయని రంగే. కానీ సీసాలో చూడ్డానికి గుండెలు అదిరేంత ఆకుపచ్చగా ఉంటుంది. పట్టదమ్మ ఆ సీసా పట్టుకుని లాండ్రీలోకి అడుగుపెట్టేసరికి తాడు మీద హోటల్ దుప్పట్లు పాలలా తెల్లగా ఆరుతున్నాయి. పక్క డివిజన్ ఇంజనీరు గుమ్మం దాటడానికి జంకి బయటే నిలబడ్డాడు.

పిన్ని సీసా చూసి ఒంటికాలి మీద లేచింది. "తెల్లదుప్పట్ల కొంపలో పచ్చరంగు పోస్తావా? మతి ఉందా నీకు?"

"దుప్పట్ల మీద కాదు పిన్నీ, బయట మోరీలో. ఒక్క చెంబుడు."

"ఒక్క చుక్క ఎగిరినా నిన్ను ఉతుకుతాను." అని పిన్ని రెండు చేతులూ చాచి దుప్పట్లకు అడ్డంగా నిలబడింది.

బాబాయి మధ్యవర్తిగా వచ్చి, నేను పోస్తాలే అని సీసా తీసుకున్నాడు. మూత బిగుసుకుపోయింది. చేత్తో తిప్పాడు, పంచె అంచుతో తిప్పాడు, ఆఖరికి పళ్ళతో పట్టుకుని లాగాడు. మూత ఊడొచ్చింది. బాబాయి తెల్లమీసం పచ్చబడింది. దుప్పట్ల మీద మాత్రం ఒక్క చుక్క పడలేదు. అతను అదే గొప్పగా మిగతాది మోరీలో పోసి, అద్దం కోసం లోపలికి పరిగెత్తాడు.

కాసేపటికి సినిమాహాలు దగ్గర నుంచి మేస్త్రీ ఫోన్ చేశాడు. "వచ్చిందమ్మా. పచ్చగా, నురగతో, ఘుమఘుమలాడుతూ వచ్చింది. జనం మూగుతున్నారు, మూత పెట్టెయ్యనా?"

ఫోన్ పెట్టేసి ఆమె పిన్నివైపు తిరిగింది. జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది, మేడ, పైపు, మూడో గుట్ట, అన్నీ. పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అటు కలిపింది మీవాళ్ళే. ఎప్పుడో రోడ్డు కుంగితే మీ ఆఫీసువాళ్ళు వచ్చి మా పైపు తీసి అటు తిప్పారు. రెండ్రోజుల్లో మళ్ళీ మారుస్తామన్నారు. ఆ రెండ్రోజులు ఇంకా అవ్వలేదు."

గుమ్మంలో ఉన్న ఇంజనీరు దగ్గాడు. మ్యాపులో ఆ సంగతి ఎవరూ ఎక్కించలేదని ఇద్దరికీ తెలిసిపోయింది.

"తప్పు మాదే పిన్నీ," అంది ఆమె.

"తప్పు సంగతి సరే. ఇప్పుడు నా లాండ్రీ గురించి ఏమంటావ్?"

ఆమె నేల చూపులు చూసింది.

"అందరికీ మొహమ్మీదే అంటావటగా. నాకు చెప్పడానికేం, నోట్లో ఏం పెట్టుకున్నావ్? మాట మింగడానికా నిన్ను పెంచింది?"

అప్పుడు తలెత్తింది. "పట్టదు పిన్నీ. ఏనుగు ఒక్కసారిగా వదిలితే ఆ పైపు పట్టదు. మేడ వచ్చినా, రాకపోయినా. నువ్వు ఇంకో మెషీన్ కొన్నావంటే మూలింటి వాళ్ళ బాత్రూంలోంచి నీ నురగ పైకొస్తుంది."

పిన్ని గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వచ్చిన శిక్ష విచిత్రమైనది. పిన్ని తిట్టలేదు, వంట మానలేదు. ఆమె బట్టలు ఉతికింది, ఇస్త్రీ మాత్రం చేయలేదు. మడతలు పడి, నలిగి, కాగితం ఉండల్లా ఉన్న బట్టలు గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళింది. ఇస్త్రీ పెట్టె పట్టుకోవడం ఆమెకు ఎప్పుడూ అవసరం పడలేదు. ప్రయత్నించి ఒక చున్నీ కాల్చుకుంది. ఆఫీసులో ఎవరూ పైకి ఏమీ అనలేదు కానీ, పెద్ద ఇంజనీరు ఆ నలిగిన కుర్తా చూసి తన చొక్కాల గురించి దిగులుపడ్డాడు.

ఆమె దిగులు వేరు. పైగదిలో కూర్చుంటే కింద ఏనుగు తిరిగే చప్పుడు వినిపించేది, దాని మీదుగా బాబాయిని కేకేసే పిన్ని గొంతు వినిపించేది. తన పేరు మాత్రం ఆ గొంతులో వినిపించేది కాదు. చెప్పినందుకు పశ్చాత్తాపం లేదు. ఇంకొంచెం మెత్తగా చెప్పి ఉండాల్సిందేమో అనిపించేది. మెత్తగా చెబితే పిన్ని ఇంకా మండిపడేదని వెంటనే తట్టేది.

ఆ వారంలోనే ఒక ఉదయం పిన్ని ఆఫీసుకొచ్చింది. చేతిలో పెద్ద ఇంజనీరు చొక్కాల మూట. అది ఆయన టేబుల్ మీద పెట్టి, తను పెంచిన ఈ కూతురి ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ గీతేదో చూపించు."

కంప్యూటర్ ఇటు తిప్పింది. పిన్ని కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగింది. "ఈ మొదటిది?"

"వీధి మొత్తం. పొద్దున."

"వీధి మొత్తమా? మరి ఇది నాదా?"

"నీదే."

పిన్ని చాలాసేపు చూసింది. మొహంలో మెల్లగా ఒక వెలుగు పాకింది. "అయితే వీధంతా కలిసి చేసిన దానికన్నా నేనొక్కదాన్నే చేసింది పెద్దదన్నమాట."

"అదే పిన్నీ సమస్య."

"సమస్య సంగతి అలా ఉంచు. మీ బాబాయికి చూపించాలి, దీని ఫోటో తియ్యి." ఫోటో తీశాక అసలు మాటకొచ్చింది. "సరే. దీన్ని పల్చన చెయ్యాలంటే ఏం చెయ్యాలి?"

ఆమె కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. ఏనుగు వదిలిన నీళ్ళను ఒక తొట్టిలో నింపి, సాయంత్రం లోపు సన్నధారగా వదిలితే గుట్ట కరిగి మైదానం అవుతుంది. తొట్టికి చోటు ఎక్కడ అని పిన్ని ఆలోచించి, పాత బాయిలరు పడున్న మూల ఉందంది.

సరిగ్గా అప్పుడే బిల్డరు వచ్చాడు. సంగతంతా విని, ఆనందం పట్టలేక, ఆ తొట్టి తానే కట్టిస్తానన్నాడు. పిన్ని అతన్ని కింద నుంచి పైదాకా చూసి చొక్కా కాలరు దగ్గర ఆగింది.

"ఇది ఎవరు ఉతికారు బాబూ?"

అతను తెలియకుండానే మెడ తడుముకున్నాడు. "ఇంట్లోనేనండీ."

"లోపలి మడత చూశావా ఎప్పుడైనా? మురికి అలాగే ఉంది. మేడ సంగతి తర్వాత, ముందు కాలర్ నానబెట్టుకో." ఆపైన గొంతు మార్చి అంది, "నా ఇంట్లో తొట్టి నేను కట్టుకుంటాను. నువ్వు నీ గుమ్మం ముందున్న పైపు మార్చు. అదీ ఇరుకేనటగా."

అది నిజమే. మీటరు పెట్టిన చోటు దాటాక, సినిమాహాలు మూల నుంచి పెద్దరోడ్డు దాకా పైపు సన్నంగా ఉంది. బిల్డరు నవ్వు మొదటిసారి కాస్త తగ్గింది. కానీ ఒప్పుకున్నాడు.

రిపోర్టు మీద పక్క డివిజన్ ఇంజనీరు సంతకం పెట్టాడు. ఆ ఇరుకు పైపు మార్చాలి, లాండ్రీ తొట్టి పూర్తవ్వాలి, ఆ రెండూ అయ్యాకే ఇళ్ళలోకి జనం దిగాలి అని అందులో రాశారు. ఎప్పటి "పట్టదు" బదులు చివరి మాట "పడుతుంది." బిల్డరు కాగితం తీసుకుని వెనక పేజీలో ఇంకేమైనా ఉందేమోనని తిప్పి చూశాడు.

"అంతేనా మేడమ్?"

"అంతేనండీ."

"నీళ్ళ గ్లాసు ఇవ్వండి," అన్నాడు కూర్చుంటూ.

మ్యాపులో పిన్ని వాళ్ళ పైపు దారిని ఆమే స్వయంగా సరిచేసింది. ఇంటికెళ్ళి ఆ సంగతి చెప్పింది. పిన్ని వింటున్నట్టే కనిపించలేదు. ఉల్లిపాయలు తరుగుతూ, "పైన నీ బట్టలు పెట్టాను, చూసుకో," అంది. పైకి వెళ్ళి చూస్తే కుర్తాలు కత్తిలాంటి మడతలతో వరసగా ఉన్నాయి. కాలిన చున్నీకి లోపలివైపు గుడ్డ వేసి కుట్టి ఉంది. ఆమె మంచం మీద కూర్చుని ఆ కుట్టు తడుముతూ కాసేపు ఉండిపోయింది. పిన్ని కింది నుంచి భోజనానికి రమ్మని పేరు పెట్టి అరిచింది. రెండో పిలుపు దాకా లేవలేదు, మొదటిది వినిపించనట్టు ఉండిపోయింది.

పైపు మార్చారు, తొట్టి కట్టారు, మేడ లేచింది. తొట్టి కవాటం దగ్గర ఎవరో ఒకరు ఉండి కొంచెం కొంచెంగా తిప్పాలి కదా, ఆ బాధ్యత బాబాయి తీసుకున్నాడు. మధ్యాహ్నం కాగానే కుర్చీ, పేపరు, టీ ఫ్లాస్కు తీసుకుని అక్కడికి చేరతాడు. మీసం మామూలు తెలుపుకు వచ్చేసింది. పిన్ని ఏదైనా పని చెప్పబోతే, డ్యూటీలో ఉన్నానంటాడు. దుప్పట్లు తెచ్చే హోటల్ కుర్రాళ్ళు, మీరేం చేస్తుంటారండీ అని అడిగితే నీళ్ళ శాఖలో మధ్యాహ్నం షిఫ్టు అని చెప్తాడు. సెలవు దొరికిన రోజుల్లో ఆమె కూడా ఒక స్టూలు తెచ్చుకుని పక్కన కూర్చుంటుంది. బాబాయి పేపర్లో సగం ఆమెకిస్తాడు. కవాటం మీద మాత్రం చెయ్యి వెయ్యనివ్వడు.